వేలంపాటలో గెలిచిన సంచి

మొన్న మణుగూరులో కొత్తగా పెట్టిన దుకాణంలో సరుకులు తీసుకుంటుంటే, కౌంటరు దగ్గరి అమ్మాయి సంచి కూడా కావాలా తాతా అని అడిగింది. నా చేతిలో ఖాకీ సంచి ఉండనే ఉంది. "నాకే సంచి అమ్ముతవా బిడ్డా? ఈ ఊరితోని కవర్లు బంద్ చేయించి సంచి పట్టించినోన్ని నేను!" అన్నాను. ఆ పిల్ల "అవ్ తాతా, అవ్" అని నా వెనకాయన వంక చూసి నవ్వింది. నమ్మలేదు. మీరు నా ఈడువాళ్లు, మీరైనా నమ్మండి.

ఊరు మొత్తం అన్నది కొంచెం ఎక్కువే లెండి. నేను గనిలో డ్యూటీ చేసే రోజుల్లో మా కాలనీ, అందులోనూ మా చర్చికి వచ్చే నలభై ఇళ్లు. అప్పట్లో సంతలో పచ్చిమిరపకాయలకొక కవరు, కొత్తిమీరకొక కవరు. వాన గట్టిగా పడిందంటే ఆ కవర్లన్నీ మా క్వార్టర్ల వెనక మోరీకి అడ్డంపడి నీళ్లు వంటింట్లోకి వచ్చేవి. ఆ నీళ్లు ఎత్తిపోసి ఎత్తిపోసి విసిగిన మా ఆవిడ నా పాత ఖాకీ ప్యాంట్లన్నీ విప్పదీసి, చాలక చుట్టుపక్కల వాళ్లవి కూడా అడిగి తెచ్చి, ఒక వానాకాలమంతా మిషన్ మీద కూర్చుని సంచులు కుట్టి ఇల్లిల్లూ తిరిగి పంచింది. అందరూ మెచ్చుకున్నారు, సంతకు మాత్రం చేతులూపుకుంటూనే వెళ్లారు. "గింత మంచి సంచి సంతల ఖరాబైతది వదినా, పెట్టెల దాచిన" అన్నది పక్కింటామె. నా తోడల్లుడైతే "సంచి పట్టుకొని తిరిగితే పనీపాటా లేనోని లెక్క కనబడత వదినా" అని మొహం మీదే అన్నాడు.

పంచగా మిగిలిన సంచులను ఆవిడ మూటగట్టి, కోతపండుగ నాడు చర్చికి తెచ్చింది. పండుగయ్యాక నేల తుడవడానికైనా పనికొస్తాయని చెప్పింది గాని, ఆ మాట చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు.

కోతపండుగ అంటే తెలిసిందే కదా, ఎవరి పెరట్లో పండింది వాళ్లు తెచ్చి దేవునికి అర్పిస్తే ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. వేలం నడిపేది నేనే. ఆ రోజు నేను ప్లాస్టిక్ వల్ల వచ్చే కీడు గురించి గంటసేపు మాట్లాడానని, జనం కళ్లు తుడుచుకుని అప్పటికప్పుడు సంచులు అందుకున్నారని ఇన్నేళ్లుగా చెప్పుకుంటూ వచ్చాను. మా మనవలు ఇప్పటికీ అదే నమ్ముతున్నారు.

జరిగింది వేరు. వేలానికి కవర్లు తేవడం నా వంతు. కొన్నాను కూడా, కాని ఛాయ్ హోటల్లో కబుర్లలో పడి ఆ కట్ట అక్కడే మరిచిపోయాను. మొదటి గుమ్మడికాయ కోసం నా తోడల్లుడు ఎవ్వరినీ వెనక్కి తగ్గనివ్వకుండా పాడి గెలిచాడు. గెలిచాక చెయ్యి చాపి "ఏందన్నా, గింత పాట పాడితే సంకల పెట్టుకొని పోవాల్నా?" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. కవర్ల కట్ట హోటల్లోనే ఉండిపోయిందని నాకు అప్పుడు గుర్తొచ్చింది. మా ఆవిడ తెచ్చిన మూటను నేనే లాగి ఒక సంచి తీసి, గుమ్మడికాయను అందులో వేసి, "పాట గెలిచినోనికే ఈ సంచి! ఓడినోళ్లు ఉత్త చేతులతోనే పోవాలె!" అని అరిచాను. అంతే, వెనక వరుస వాళ్లు కూడా లేచి పాడడం మొదలుపెట్టారు. మూట ఖాళీ అయింది.

మరుసటి సంతకు నా తోడల్లుడు ఒక్క కొత్తిమీర కట్ట వేసుకున్న సంచిని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా మూడుసార్లు తిప్పాడు. పెట్టెల్లో దాచినవి కూడా బయటికొచ్చాయి. ఓడినవాళ్లు మా గుమ్మం ముందు ప్యాంట్లు పట్టుకుని నిలబడ్డారు, మాకూ ఇంకొకటి కుట్టమని.

ఆ పండుగ నాడు సంచుల ఉపాయానికి పాస్టరుగారు నన్ను మెచ్చుకుంటుంటే ఆవిడ ఖాళీ మూటగుడ్డ మడతపెట్టుకుంది. ఇంటికి వెళ్తూ దారిలో "కవర్లు యాడ మరిచినవ్?" అని అడిగింది. చెప్పాను. "మంచిగ మరిచినవ్ తియ్" అన్నది. ఆవిడ అంత నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా తలుపు వెనక దుకాణాల పేర్లు అచ్చేసిన సంచులు గుట్టగా ఉంటాయి, బయలుదేరేటప్పుడు ఒక్కటీ గుర్తుకు రాదు. మా సంచుల మీద ఏ పేరూ ఉండేది కాదు. అయినా సంతలో ఎదురైన ప్రతివాళ్లూ ఎవరు కుట్టారని అడిగేవారు, సంచి పట్టుకున్నవాళ్లు నిలబడి మా ఆవిడ పేరు చెప్పేవారు.