గంటా నలభై నిమిషాలు

అమ్మమ్మ ఏ బట్ట కుట్టినా లోపల రెండు వేళ్ల గుడ్డ అదనంగా వదిలేది. "ఒళ్లు మన మాట వింటుందా? రేపు లావెక్కితే విప్పుకోవద్దూ?" అనేది. ఆ వీధి వీధంతా నలభై ఏళ్లుగా ఆ రెండు వేళ్లలోకి నిశ్చింతగా లావెక్కుతూ వచ్చింది.

చెల్లెలుండే ఊరు పదకొండు వందల కిలోమీటర్లు. రెండు రైళ్లు మారాలి, ఒకటిన్నర రోజు పట్టేది. చెల్లెలు రమ్మన్నప్పుడల్లా అమ్మమ్మది ఒకటే పాట: "అంత దూరం నా నడుము రాదే తల్లీ." మిషను ముందు పది గంటలు కూర్చున్నా కిక్కురుమనని నడుము, చెల్లెలి ఊరి పేరెత్తితే చాలు, లబోదిబోమనేది. అలా పదకొండేళ్లు గడిచాయి.

ఒక బుధవారం పొద్దున చెల్లెలి మొగుడు ఫోన్ చేశాడు. "వదినా, డాక్టర్లు పెదవి విరిచారు. చూడాలనుకుంటే ఇవాళే రండి."

మనవరాలు ఫోనులో వెతికింది. "విమానంలో గంటా నలభై నిమిషాలే అమ్మమ్మా."

"అంత దూరాన్ని అంత పొట్టిగా ఎవరు కత్తిరించారే?" అంది అమ్మమ్మ. ఎవరికీ నవ్వు రాలేదు. చెల్లెలికని కుట్టిన నీలం గౌను, సూది, దారం, కత్తెర సంచిలో వేసుకుంది. గౌను పాత కొలతలతో కుట్టిందే.

విమానాశ్రయంలో సంచి తనిఖీ చేసే కుర్రాడు కత్తెర పైకి తీశాడు. "ఇది లోపలికి రాదు పెద్దమ్మా."

"దాంతో విమానాన్ని కోస్తానా నాయనా? మందం గుడ్డకే మొరాయిస్తుందది."

"వెనక్కెళ్లి సామానులో వేసి రావాలి. అప్పటికి మీ విమానం వెళ్లిపోతుంది."

అది అమ్మమ్మ వాళ్లమ్మ చేతి కత్తెర. మనవరాలు చిన్నప్పుడు దాంతో అట్టముక్క కత్తిరించి వీపు విమానం మోత మోగించుకుంది. ఇప్పుడు అమ్మమ్మే దాన్ని కొంగుతో తుడిచి, కుర్రాడి ముందు పెట్టింది.

"అట్టలు కత్తిరించకు బాబూ. పదును పోతుంది."

విమానం కిందికి దిగుతోందని చెప్పగానే అమ్మమ్మ ఉలిక్కిపడింది. "అప్పుడేనా?"

ఆస్పత్రిలో చెల్లెలు మంచంలో పుల్లలా ఉంది. అక్కను చూసి కళ్లు విప్పార్చింది.

"ఎప్పుడు బయల్దేరావక్కా?"

"మధ్యాహ్నం."

"ఏ రోజు మధ్యాహ్నం?"

"ఇవాళేనే. గంటా నలభై నిమిషాలు పట్టింది."

చెల్లెలు అక్క ముఖంలోకి చూసింది. "అంత దగ్గరా?"

నడుము సంగతి అమ్మమ్మ ఎత్తలేదు. సంచిలోంచి గౌను తీసి చెల్లెలి మీద పరిచింది. ఒక్కోవైపు నాలుగు వేళ్లు వదులు. మంచం అంచున కూర్చుని, సూదితో లోపలికి పట్టడం మొదలెట్టింది. దారం పంటితోనే కొరికింది.

"లోపలి గుడ్డ కోసెయ్యకక్కా" అంది చెల్లెలు. "మళ్లీ లావెక్కుతానేమో."

"కొయ్యనులేవే" అంది అమ్మమ్మ, తలెత్తకుండా. "కత్తెర తేలేదు."