చుక్క వచ్చింది

2025 జూన్ 25, బుధవారం, మధ్యాహ్నం పన్నెండు గంటల ఒక నిమిషం. రాకెట్టు లేచింది. ఆ రోజు అమావాస్య. అమావాస్యకు మా పక్క ఎద్దులు కట్టరు, ట్రాక్టరు కూడా తీయరు. అందుకే నేనూ మా చెల్లెలూ పట్టపగలు టీవీ ముందు కూర్చోగలిగాం. నలుగురు మనుషులు అంతరిక్ష కేంద్రానికి పోతున్నారు, అందులో ఒకడు మనవాడు. 1984లో మొదటి మనవాడు పైకి పోయినప్పుడు రేడియోలో విన్నాను. ఈసారి కళ్ళతో చూశాను.

"అమావాస్య పూట ఎవరన్నా పయనం పెట్టుకుంటారా అక్కా?" అంది చెల్లెలు.

"ఇప్పటికే ఎన్నో మార్లు వాయిదా పడినాదమ్మే. వాళ్ళకు ఈ దినమే కుదిరినాది."

"అయితే మన వాన మాదిరే."

చెల్లెలిది కదిరి పక్క ఊరు. దాని చేను సోలారు పలకల కిందికి పోయింది. కౌలు దుడ్లు ఏటా వస్తాయి గాని విత్తుకోవడానికి జానెడు నేల లేదు. ముదిగుబ్బ పక్కన నా నాలుగు ఎకరాలు ఉన్నాయి కాబట్టి, ఈ ఏడు తన విత్తనం నా చేలో వేసుకుంటానని నేల చూసుకోవడానికి వచ్చింది.

ఆ విత్తనం మా నాయనది. తీగ శెనక్కాయ. నేల మీద పరుచుకుని పాకే వేరుశెనగ రకం. పంటకు రావడానికి గుత్తి రకం కన్నా నెల ఎక్కువ పడుతుందని అందరూ ఎప్పుడో మానేశారు. చెల్లెలు మానలేదు. పెళ్ళయి పోయేనాడు నాయన దాని ఒడిలో పోసిన కాయలవి. ప్రతి ముంగారులో, తొలి వానలకు విత్తి, మళ్ళీ కాయలు గుమ్మిలో వేపాకు వేసి దాచేది. కిందటేడు కరువుకు చివరికి ఒక్క మూట మిగిలింది. ఈ ఏడు మట్టిలో పడకపోతే ఆ రకం ఇంకెక్కడా లేదు.

శెనక్కాయ పొట్టులో ఉన్నంతకాలం గట్టిది. ఒలిచామా, గింజకు గాలి తగిలి, ఎండ తగిలి, దినదినమూ బలం తగ్గిపోతుంది. అందుకే వాన పడి నేల పదునైతే తప్ప ఎవరూ ఒలవరు. మా నాయన ఈ ఒక్క మాట మాత్రం మా ఇద్దరికీ ఒకేసారి చెప్పేవాడు, ఎవరు ముందు మరిచిపోతారో చూస్తానని.

చెల్లెలు ఊరికి పోయిన వారానికి, అంతరిక్ష కేంద్రం మా పక్క ఏ పూట కనిపిస్తుందో పేపర్లో వేశారు. పొద్దు గూకినాక మిద్దె ఎక్కాను. మబ్బు తునక లేదు. పడమర నుంచి లేచింది. మినుకుమినుకుమనకుండా, తొందర పడకుండా, తెలిసిన దారిలో పోతున్నట్టు నా నెత్తి మీదుగా వచ్చింది. అందులో మన మనిషి ఉన్నాడు. కిందికి కూడా దిగకుండా చెల్లెలికి ఫోను చేశాను.

"చుక్కొచ్చినాదే!"

"యాడ? మన శేనికాడనా?"

"శేను మీదనే! పడమర నుంచి వస్తాండాది."

"గట్టిదేనా అక్కా?"

"ఇంత గట్టి చుక్క నేను ఇన్నేళ్ళలో చూడలా."

"అయితే పెట్టేయ్, నాకు పనుండాది," అంది.

సంతోషం పట్టలేక మాట తుంచేసిందనుకున్నాను. ఆకాశంలో ఉండేదీ చుక్కే, ఆకాశం నుంచి పడేదీ చుక్కే. అయినా ఆర్ద్ర కార్తెలో మా పక్క చుక్క అంటే ఒకటే అర్థం, వాన. అది నాకూ తెలుసు. ఆ ఒక్క నిమిషం నేను మా పక్క మనిషిగా లేను.

తెల్లవారి మొదటి బస్సులో చెల్లెలు దిగింది. నెత్తిన మూట. చెప్పులు చేత పట్టుకుని ఉంది, బురద ఉంటుందని. రోడ్డు దిగి దుమ్ములో కాలు పెట్టి అట్లే నిలబడింది.

"నేల తడిలేదేమక్కా? అంత గట్టి చుక్క పడినాదంటివి?"

"పడినాదని ఎప్పుడంటినే? వచ్చినాదంటి."

"వచ్చింది పడకుండా యాడికి పోయినాది?"

పైకి చూపించాను. చెల్లెలు పైకి చూడలేదు. మూట దించి ముడి విప్పింది. ఇరుగు పొరుగును పిలుచుకుని ఒక్క రాత్రిలో ఒలిపించి తెచ్చింది. ఎర్రగా, నున్నగా పద్దెనిమిది శేర్ల గింజలు. పొట్టంతా వాళ్ళ ఊళ్ళోనే పారేసి వచ్చింది.

మూడు దినాలు నాతో మాట్లాడలేదు. కాని ఊరికీ పోలేదు. గింజలు కుండల్లో పోసి, బూడిద కలిపి, నీడ పట్టున పెట్టి వాటి పక్కనే పడుకుంది. మా బోరు ఎండిపోయింది, తాగే నీళ్ళు ట్యాంకరువి. అయినా పెరట్లో పిడికెడు గింజలు పెట్టి బిందెడు పోశాం. రెండో నాటికి నెమళ్ళు తవ్వుకు తిన్నాయి.

నాలుగో సాయంత్రం తనే మిద్దె ఎక్కి వచ్చింది. పడమర చూడటానికి. మబ్బు లేదు. చుక్క వచ్చింది.

"ఇదేనా?" అంది.

"ఇదే."

"ఆడ్నించి చూస్తే మేఘం యాడుండాదో తెలుస్తాదా?"

"తెలుస్తాదంట."

"మరి ఒక మాట చెప్పరే?"

"వాళ్ళకాడ మన నెంబరు లేదులే."

నవ్వు ఆపుకోలేకపోయింది. అప్పటి నుంచి ఇద్దరం ఎక్కేవాళ్ళం. చుక్క కనపడిన ప్రతి సాయంత్రం మా గింజకు ఒక పూట బలం తరుగు, ఎందుకంటే మబ్బు కమ్మితే అది కనపడదు. అది కనపడకూడదని కోరుకుంటూనే దాని కోసం తల ఎత్తేవాళ్ళం. వాళ్ళకు అక్కడ దినానికి పదహారు మార్లు తెల్లవారుతుందట. మాకు ఒక్కసారే, అదీ ఒట్టి ఎండతో.

ఒకనాడు పేపర్లో చదివి వినిపించాను. మనవాడు అక్కడ పెసలు, మెంతులు మొలకెత్తించాడని.

"మొలిచినాయంటనా? మన్ను లేకుండానా?"

"ఊ."

"నీళ్ళు యాడివి?"

"పోతా పోతా తీసకపోయినారు."

చెల్లెలు చాలాసేపు కుండలో చెయ్యి పెట్టి గింజలను కలియబెడుతూ కూర్చుంది. "అమావాస్య నాడు మనకు తెలిసింటే నాయన గింజలు ఒక పిడికెడు ఇచ్చి పంపుదుము కదక్కా," అంది. ఎవరి చేతికి, ఏ దారిన అని నేను అడగలేదు. నాకూ అదే అనిపించింది.

జూలై 15న వాళ్ళు తిరిగి వచ్చి సముద్రంలో దిగారు. టీవీలో అంత నీరు చూసి చెల్లెలు, "దిగీ దిగీ నీళ్ళున్న చోటే దిగినారు చూడు. తెలివైనోళ్ళు," అంది.

వాన ఆగస్టులో, ఆశ్లేష కార్తెలో పడింది. తీగ రకానికి అదును దాటిపోయిందని తెలుసు. అయినా విత్తే గొర్రు కట్టించాం. చెల్లెలు ఎవరినీ ముట్టనివ్వకుండా గింజలన్నీ తనే సాళ్ళలో వదిలింది. గింజ వదులుతూ ఏదో అంటూ పోయింది. దగ్గరికి పోతే ఆపేసింది.

మొలిచినవి ఇరవై మూడు చెట్లు. తీగ సాగింది, పసుపు పూలు పూసింది. కాయ పట్టే ఊడలు మట్టిలోకి దిగేనాటికి నేల మళ్ళీ రాయి అయింది. పీకి చూస్తే అన్నీ లొట్టలు, ఒట్టి పొట్టు. చెల్లెలు ఒక్కొక్క కాయా చెవి దగ్గర ఆడించి చూసింది. లోపల గింజ ఉంటే చప్పుడు వస్తుంది.

పోయినవి రాస్తున్నాను. చెల్లెలు మాట్లాడని మూడు దినాలు కలపలేదు, అవి తిరిగి వచ్చాయి. ముంగారు ఒకటి. ఒలిచిన విత్తనం పద్దెనిమిది శేర్లు. ఒక రకం శెనక్కాయ.