మింగుడు పడని గుక్క

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ముందు నిద్రలేచేది మా నాన్న కోపం. చోడవరం శివారులో మాకు చెరకు తోట, దాని పక్కనే బెల్లం వండే పాక ఉండేవి. నాన్నకు చెయ్యి ముందు లేచేది, మాట తర్వాత వచ్చేది. ఎద్దు మొండికేస్తే ఎద్దుకు పడేది, అన్నం ఆలస్యమైతే అమ్మకు పడేది. మేం పిల్లలం ఆయన చెప్పుల చప్పుడు విని ఆయన ఏ మనసుతో వస్తున్నాడో చెప్పేసేవాళ్లం.

ఆ ఏడాది బెల్లం వంటలు జోరుగా సాగుతున్న రోజుల్లో నాన్నకు కింది దవడ పన్ను పోటు పట్టుకుంది. లవంగం నూరి పెట్టారు, ఇంగువ కుక్కారు. ఏదీ పనిచేయలేదు. పోటు ఎక్కువైనప్పుడల్లా చేతికి అందింది విసిరేవాడు. ఇత్తడి చెంబు గోడకు తగిలి సొట్టపోయింది. కాపడం పెట్టబోయిన అమ్మ మణికట్టు పట్టి మెలిపెడితే, అది వాచి, ఆమె ఎడమ చేత్తో వంట చేసింది. చివరికి ఎడ్లకు నాడాలు కొట్టే ఆయన్ను పిలిపించి, ఆయన పటకారుతోనే పన్ను పీకమన్నాడు. పన్ను పైముక్క విరిగి వచ్చింది కానీ వేరు లోపలే ఉండిపోయింది. నాన్న ఆయన గుండెల మీద ఒక్క తన్ను తన్నాడు. ఆ మనిషి పటకారు కూడా వదిలేసి పారిపోయాడు.

ఆ తర్వాత బుగ్గ బూరెలా పొంగింది. ఒళ్లు కాలిపోయేది. అలా కొన్నాళ్లు మూలిగి, ఒకరోజు పొద్దున్న లేచి, నొప్పి తగ్గిపోయిందన్నాడు. అమ్మ వీధి గుమ్మంలోంచే అమ్మవారికి దణ్ణం పెట్టుకుంది. నిజానికి వాపు ఎక్కడికీ పోలేదు. బుగ్గమీంచి దవడ కిందికి దిగి, గడ్డం నుంచి మెడదాకా చెక్కలా బిగుసుకుపోయింది. వేడి ముద్ద నోట్లో పెట్టుకుని మాట్లాడుతున్నట్టు ఆయన మాట ముద్దముద్దగా వచ్చేది. గంజి కూడా వద్దన్నాడు. అరుపులు లేవు కదా, అంతే చాలనుకున్నాం. ఆ ఒంటితోనే ఆయన బెల్లం పాకకు వెళ్లాడు. అమ్మ పంపితే గంజి సత్తుగిన్నెతో నేనూ వెనకాలే వెళ్లాను.

సరిగ్గా ఆ పూటే దేవరాపల్లి నుంచి మా మేనత్త వచ్చింది. ఆవిడ నాన్నకు అప్ప. తల్లి పోతే తమ్ముణ్ణి చంకనెత్తుకుని పెంచింది. భర్త ఎప్పుడో పోయాడు. ఏ రోగంతో పోయాడో ఆవిడ ఎవరికీ చెప్పేది కాదు. ఇంట్లో సంచి పడేసి నేరుగా పాకకు వచ్చింది. పొయ్యి మీది పెద్ద పెనంలో బెల్లం పాకం కుతకుతా ఉడుకుతోంది. నాన్న ఏదో అన్నాడు. అత్త ఆగిపోయింది.

"ఏట్రా ఆ మాట? నోట్లో ఏటెట్టుకున్నావు?"

ఏమీ లేదన్నట్టు నాన్న చెయ్యి ఊపాడు. వైద్యం మాటెత్తితే ఆయన వినడని అత్తకు తెలుసు. అందుకే వాదించలేదు. కుండలోంచి చెంబుతో నీళ్లు ముంచింది. "ఎండన పడి వచ్చేను. ముందు నువ్వో గుక్క తాగి ఇయ్యి, నేనూ తాగుతాను," అంది నవ్వుతూ. చిన్నప్పుడు అలాగే తాగించేదట. నాన్న విసుగ్గా చెంబెత్తి నోట్లో పోసుకున్నాడు.

ఆ గుక్క లోపలికి వెళ్లలేదు. ఆయన కళ్లు పెద్దవయ్యాయి. నీళ్లు చొంగతో కలిసి పెదాల సందుల్లోంచి గుండెల మీదికి కారిపోయాయి.

అత్త నవ్వు ఆరిపోయింది. "నోరు తెరు," అంది. వేలు దూరేంత కూడా తెరుచుకోలేదు. ఆవిడ పనివాళ్ల వైపు తిరిగి కేక పెట్టింది. "బండి కట్టండ్రా! ఆసుపత్రికి ఎల్దాం, లెగండి!"

నాన్న పెనం వైపు చూపించాడు. పాకం దింపకుండా రానని తల అడ్డంగా ఊపి, చెరకు కొట్టే కత్తి చేత్తో పట్టుకున్నాడు. పనివాళ్లు ఎక్కడివాళ్లక్కడే నిలబడిపోయారు. అత్త మాత్రం నీళ్ల కుండ రెండు చేతులా ఎత్తి, పొయ్యి నోట్లోకి విసిరికొట్టింది. కుండ పగిలి నిప్పులు చిమ్మాయి. బూడిద, ఆవిరి పాకనంతా కమ్మేశాయి. చెరకు పిప్పికి అంటుకున్న నిప్పును ఎవరో కాళ్లతో తొక్కి ఆర్పుతున్నారు. ఆ పొగలోంచి నాన్న కత్తి వదిలేసి వచ్చి, పిడికిలితో అత్త మూతి మీద గుద్దాడు.

ఆ చప్పుడు నేను విన్నాను. అత్త ముందుపన్ను ఊడి బూడిదలో పడింది. పెదవి చీలి, రక్తం రవిక మీదికి కారింది. ఆవిడ ఒక్క అడుగు కూడా వెనక్కి వేయలేదు.

"కొట్టు. ఇంకోటి కొట్టు. కొట్టి బండెక్కు."

నాన్న మళ్లీ చెయ్యెత్తాడు. కానీ జ్వరానికి ఆయన కాళ్లు తడబడ్డాయి. అప్పుడు మొట్టమొదటిసారి ఆయన పనివాళ్లు ఆయన మీద చెయ్యి వేశారు. నలుగురూ కలిసి లాక్కెళ్లి బండిలో వెల్లకిలా పడుకోబెట్టి, చేతుల మీద, కాళ్ల మీద కూర్చున్నారు. అత్త ముందు కూర్చుని ఎద్దుల్ని అదిలిస్తోంది. నేను నాన్న తల దగ్గర ఉన్నాను.

దారి పొడుగునా ఆయన తన్నాడు. బండి పక్క కర్ర ఫెళ్లున విరిగింది. ఒకడి ముక్కు చిట్లింది. "సూడండి, ఇంత జబ్బులో కూడా కోపం తగ్గనేదు," అని వాళ్లు ఇంకా గట్టిగా అదిమారు. నేను నాన్న కళ్లలోకి చూశాను. ఆయన కోపం కళ్లు నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఇవి ఆ కళ్లు కావు. బావిలో పడ్డవాడి కళ్లలా ఉన్నాయి. పెదాలు నేరేడు రంగుకు తిరుగుతున్నాయి.

"అత్తా! నాన్న కోపంతో తన్నట్లేదే! ఊపిరాడట్లేదు!" అని అరిచాను.

అత్త పగ్గాలు ఒకడి మీదికి విసిరి వెనక్కి దూకింది. ఒకణ్ణి జుట్టు పట్టి లాగింది, ఇంకొకణ్ణి చెంప మీద కొట్టింది. నాన్నను లేపి కూర్చోబెట్టి ముందుకు వంచింది. "ఒలే గుంటా, భుజం ఇయ్యి," అంది నాతో. నాన్న తల నా భుజం మీద వాలింది. దుర్వాసన కొట్టే చొంగ నా వీపు మీదుగా కారింది. ఆయన తన్నడం మానేశాడు. ఈలలా సన్నగా ఊపిరి లోపలికి వెళ్తున్న చప్పుడు నా చెవి పక్కనే వినిపించింది. నా చెయ్యి పట్టుకుని ఎముకలు విరిగేలా నొక్కాడు. నేను లాక్కోలేదు.

ఆసుపత్రిలో డాక్టరుగారు దూరం నుంచి చూస్తూనే, "పడుకోబెట్టకండి!" అని అరిచారు. మత్తు ఎక్కేదాకా ఆగే వ్యవధి లేదన్నారు. నాన్నను కుర్చీలో కూర్చోబెట్టి, మనుషులు పట్టుకుంటే, దవడ కింద కత్తితో కోశారు. చీము పళ్లెంలోకి చిమ్మింది. నాన్న పెట్టిన కేకకు వరండాలో వాళ్లంతా లేచి నిలబడ్డారు. ఆ కేక విని అత్త కూలబడి ఏడ్చింది. కేక వచ్చిందంటే ఊపిరి ఆడినట్టే కదా.

ఇంజెక్షన్లు ఇచ్చాక డాక్టరుగారు మా దగ్గరికి వచ్చారు. "పంటి చీము మెడలోకి దిగిందమ్మా. వాపు దవడ కిందికి పాకినా, నోరు తెరుచుకోకపోయినా, ఉమ్మి మింగలేకపోయినా ఇంట్లో క్షణం కూడా ఉంచకూడదు. నొప్పి తగ్గిందని మోసపోతారు."

"తెలుసు బాబూ," అంది అత్త చీలిన పెదవితో. "మా ఆయన కూడా నొప్పి తగ్గిందనే పడుకున్నాడు. మరింక లెగలేదు."

డాక్టరుగారు ఆవిడ నోటి వైపు చూసి, ఆ దెబ్బేమిటని అడిగారు. "కుండ తగిలింది," అంది అత్త. మంచం మీద కూర్చుని ఉన్న నాన్న ఆ మాట విన్నాడు. కట్టు కట్టిన మెడను పక్కకు తిప్పుకోలేక కళ్లు మూసుకున్నాడు.

ఆ తర్వాత నాన్న చాలాకాలం బతికాడు. ఆయన కోపం పోయిందని అబద్ధం చెప్పను. అరిచేవాడు, చెయ్యి లేచేది కూడా. కానీ అది గాల్లో సగం దాకా వెళ్లి, ఏదో జ్ఞాపకం వచ్చినట్టు ఆగిపోయేది. అత్త వచ్చి ఆ పన్ను లేని నవ్వు నవ్విన రోజున మాత్రం ఇంట్లో గొంతు కూడా లేచేది కాదు.

ఇప్పుడు నాకు ఎనభై దగ్గర పడుతున్నాయి. మా ఇంట్లో ఎవరికి పంటినొప్పి వచ్చినా, బుగ్గ వాచినా, "తగ్గిపోయిందిలే అమ్మమ్మా" అంటే నేను వినను. గ్లాసుతో నీళ్లిచ్చి ఎదురుగా కూర్చుంటాను. ఆ గుక్క గొంతు దిగడం నా కళ్లతో చూడాలి. దిగితే ఆ రోజే పళ్ల డాక్టరు దగ్గరికి పంపుతాను. దిగకపోతే చెప్పులు వేసుకునేదాకా కూడా ఆగనివ్వను.