యాభై గ్రాముల గిటార్ పొడి

గిటార్ నేర్చుకోవాలని ముచ్చటపడి జైలు గుమ్మం దాకా వెళ్లి వచ్చిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే పటాన్‌చెరులో మా కాలనీకి రండి. రెండో వీధిలో ఆకుపచ్చ గేటు. బెల్లు కొట్టి కాస్త ఆగండి, మోకాళ్ల నొప్పి, నెమ్మదిగా వస్తాను.

ఇది జరిగింది రెండేళ్ల కిందట. అప్పుడు నాకు అరవై నాలుగు. ఇప్పుడు అరవై ఆరు. ఈ రెండేళ్లలో వచ్చిన బుద్ధి అంతకుముందు అరవై నాలుగేళ్లలో రాలేదు కాబట్టి ఆ అరవై నాలుగేళ్ల ఆవిడని నేను వేరే మనిషిగానే లెక్కేస్తాను. మీరూ ఆవిడని చూసే నవ్వండి, నన్ను కాదు.

ముందు నా సంగతి చెప్పాలి. బొల్లారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో ముప్పై మూడేళ్లు పనిచేశాను. మందులంటే బిళ్లలు కాదు, బిళ్లల్లోకి వెళ్లే పొడి. విదేశాల నుంచి ముడిసరుకు తెప్పించే కాగితాలన్నీ నా చేతి మీదుగానే నడిచేవి. ఎన్ని డ్రమ్ములు దిగినా నా కాగితంలో తప్పుందని కస్టమ్స్ వాళ్లు ఒక్క నోటీసు ఇవ్వలేదు. పదవీ విరమణ రోజు శాలువా కప్పి ఆ మాటే మైకులో చెప్పారు. ఆ శాలువా కంటే ఆ మాటే నాకు వెచ్చగా ఉండేది. పెళ్లిళ్లకు వెళ్లినా, చావులకు వెళ్లినా ఎలాగోలా ఆ ప్రస్తావన తెచ్చేదాన్ని.

రిటైరయ్యాక మార్కెట్ వెనక సందులో, టిఫిన్ సెంటర్ మేడ మీద గిటార్ నేర్పే మాస్టారి దగ్గర చేరాను. చేరిన మూడో రోజున ఆయన మాటవరసకి, "మంచి గిటార్లు స్పెయిన్లో చేస్తారమ్మా" అన్నారు. పాపం, సరిగ్గా మోగకపోతే తప్పు గిటార్‌దేనని నేర్చుకునేవాళ్లకి కాస్త ఊరట కలిగించడమే ఆయన ఉద్దేశం. మిగతా శిష్యులు విని ఊరుకున్నారు. నేను ఇంటికొచ్చి కొటేషన్లు తెప్పించాను.

మూడు కొటేషన్లు, వాటిని పోల్చే పట్టిక, చివర నా సంతకం. ఆమోదించాల్సిన అధికారి మా ఆయన. ఆయన ఒక ప్రభుత్వ కర్మాగారంలో సెక్యూరిటీ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. జీవితమంతా గేటు దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్ల క్యారేజీలు విప్పించిన మనిషి.

"ఇక్కడ ఐదు వేలకి దొరుకుతుంది కదే" అన్నారు.

"నాణ్యత?"

"నువ్వు వాయించేదానికి నాణ్యత ఏమిటి, రాజ్యం?"

ఆమోదం కోసం ఆగలేదు. ఆర్డర్ పెట్టాను. గిటార్ యాభై ఎనిమిది వేలు, విమానం కిరాయి, బీమా కలిపి పదకొండున్నర వేలు.

తప్పు ఇక్కడే జరిగింది, జాగ్రత్తగా చదవండి. ఇలాంటి ఆర్డర్ మామూలు మనుషులైతే ఎలా పెడతారు? పేరు, చిరునామా రాసి డబ్బు కడతారు. నా దగ్గర ఫ్యాక్టరీలో వాడిన పాత కొనుగోలు ఆర్డర్ నమూనా ఉంది. ముప్పై మూడేళ్లు ఒక్క నోటీసు రానివ్వని షరతులవి. ముడిసరుకు పేరున్న చోటల్లా గిటార్ అని మార్చి, మిగతాదంతా అలాగే ఉంచి పంపాను. రెండు పొరల పాలిథిన్ సంచీలో పెట్టి వేడితో అతికించాలి. తేమ పీల్చే పొట్లాలు వేయాలి. మీద బ్యాచ్ నంబరు ఉండాలి. చేతి తొడుగులు లేకుండా తాకరాదని, రెండేళ్ల తర్వాత మళ్లీ పరీక్షించాలని చీటీ అంటించాలి. అదే సరుకులోంచి యాభై గ్రాములు నమూనాగా వేరే పొట్లంలో పంపాలి.

గిటార్లోంచి యాభై గ్రాములు ఎలా తీస్తారని నేను ఆలోచించలేదు. గిటార్ చేసిన ఆ స్పెయిన్ ముసలాయన ఆలోచించాడు. ఎంత మర్యాదస్తుడో చూడండి, ఎందుకమ్మా అని ఒక్క ప్రశ్న వేయలేదు.

ఒక బుధవారం ఫోనొచ్చింది. మా మేడ మీద అద్దెకుండే షాహీన్ అప్పుడు కింద నా జాకెట్టు కొలతలు తీసుకుంటోంది. ఆమె బట్టలు కుడుతుంది, నా కంటే లోకజ్ఞానం ఉన్న పిల్ల.

"మేడం, శంషాబాద్ ఎయిర్ కార్గో నుంచి, కస్టమ్స్ ఆఫీసర్ని. మీ పేరు మీద వచ్చిన పార్సిల్లో అనుమానమున్న పొడి దొరికింది. మీరొకసారి రావాలె."

మీరు నవ్వకండి. ఈ మాటలు ఎక్కడో విన్నట్టు లేదూ? పార్సిల్, పొడి, ఆఫీసర్. ఫోన్లో భయపెట్టి డబ్బులు లాగే దొంగలు సరిగ్గా ఇవే మాటలు చెబుతారని పేపర్లో రోజూ చదువుతున్నాం. నేను ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి షాహీన్‌కి చెప్పాను.

"పక్కా దొంగోడు ఆంటీ" అంది టేపు నా మెడకే వదిలేసి. "మా మరిది దోస్తుకు గూడ గిట్లనే చేసిండ్రు. ఇయ్యి, స్పీకర్ల పెట్టు."

స్పీకర్లో పెట్టాను. ప్రేక్షకులు దొరికాక నాకు ఊపొచ్చింది. "ఏం నాయనా, చదువుకున్నావా? ముసలివాళ్ల పింఛను మీద బతకడానికి సిగ్గు లేదూ? మీ అమ్మ ఫోన్ నంబరు ఇవ్వు, నేను మాట్లాడతాను."

"మేడం, మీరు రాకుంటే కేసు రాయాల్సొస్తది."

"రాసుకో. ఇంటి పేరులో తప్పు లేకుండా రాసుకో. ముప్పై మూడేళ్లు మీలాంటి కస్టమ్స్ వాళ్లని చూశాను, అసలువాళ్లని. దొంగ వెధవా."

"గట్ల అనాలె" అంది షాహీన్ సంతోషంగా. ఫోన్ కట్ చేసి ఇద్దరం టీ తాగాం. ఆ టీ రుచి నాకింకా గుర్తుంది. మళ్లీ అంత రుచిగా ఏదీ తినడానికి చాలా రోజులు పట్టింది.

సాయంత్రం గిటార్ ఎక్కడిదాకా వచ్చిందో చూద్దామని కొరియర్ వాళ్ల సైట్ తెరిచాను. ఎర్ర అక్షరాలతో ఒకే వాక్యం. కస్టమ్స్ ఆపింది, గ్రహీత స్వయంగా హాజరు కావాలి.

కుర్చీ పట్టుకుని కూర్చున్నాను.

"ఏమైంది?" అన్నారు మా ఆయన.

"పొద్దున నేను దొంగ వెధవ అన్నది ఆఫీసర్నే అండీ."

ఆయన లేచి వీధి తలుపు గడియ పెట్టారు. ఎందుకని అడిగితే తనకీ తెలియదన్నారు.

నా భయం మీకు అర్థం కావాలంటే మా ప్రాంతం సంగతి తెలియాలి. ఇక్కడ పొడి అంటే ఎవరూ ముగ్గు అనుకోరు, ఫ్యాక్టరీల్లో దొంగచాటుగా వండే మత్తుమందనే అనుకుంటారు. మందుల ఫ్యాక్టరీలో చేసిన మనిషి, పటాన్‌చెరు చిరునామా, విదేశీ పార్సిల్, మీద బ్యాచ్ నంబరు, లోపల పొడి. నేనే ఆఫీసర్నైతే నన్ను అప్పుడే లోపల వేసేదాన్ని. పైగా ఆ పొడి ఏమిటో నాకూ తెలియదు. నమూనా షరతు నాకు గుర్తే లేదు. ఆ స్పెయిన్ ముసలాడు గిటార్ పేరు చెప్పి ఇంకేదైనా వ్యాపారం చేస్తున్నాడేమో. ముప్పై మూడేళ్ల పేరు పోయి, టీవీలో కొంగు కప్పుకుని నడిచే ముసలమ్మ నేనే అవుతానేమో. ఏ చీర కట్టుకుంటే మొహం బాగా కప్పుకోవచ్చో కూడా ఆలోచించాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, నేత చీర.

మర్నాడు ముత్తంగి దగ్గర రింగురోడ్డెక్కి శంషాబాద్ చేరాం. దారిలో మా ఆయన, "లోపల ఏది అడిగినా ఎంతవరకు అవసరమో అంతే చెప్పు. నీ పాండిత్యం బయటపెట్టకు" అన్నారు.

గదిలో పొడుగు బల్ల. దాని మీద నా గిటార్, పాలిథిన్ సంచీలో, ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషిలా ఉంది. పక్కన చిన్న పొట్లం, అందులో గోధుమరంగు పొడి. బల్ల వెనక ముప్పై అయిదేళ్ల ఆఫీసర్. నోరు తెరవగానే గొంతు పోల్చుకున్నాను.

"మా అమ్మ నంబర్ అడిగింది మీరే కదా మేడం?"

"అవును బాబూ" అన్నాను. నా గొంతు దోమ గొంతులా వినిపించింది.

"కూసోండ్రి. ఈ పొడి ఏంది?"

"తెలియదు."

"మీ పేరు మీదనే వచ్చింది. తెల్వదా?"

మా ఆయన అప్పుడే జేబులోంచి తెల్ల బిళ్ల ఒకటి తీసి గుటుక్కున మింగారు. ఆఫీసర్ కుర్చీలోంచి సగం లేచాడు. "అదేంది మింగిండ్రు?"

"బీపీ" అన్నారు మా ఆయన, చేతులు రెండూ పైకెత్తి.

బిళ్లల అట్ట, మందుల చీటీ చూపించాకే ఆయన చేతులు దించారు. ఆఫీసర్ తొడుగులు వేసుకుని పొట్లం కొస కత్తిరించాడు. వాసన నా దాకా వచ్చింది. పెన్సిల్ చెక్కినప్పుడు వచ్చే వాసన. ఆ క్షణాన నా ఆర్డర్లోని షరతు కళ్ల ముందు నిలబడింది.

"బాబూ, అది గిటార్" అన్నాను.

"గిటార్ ఇది మేడం" అని సంచీ చూపించాడు.

"ఇదీ గిటారే. కట్టె పొడి. నమూనాగా నేనే పంపమన్నాను."

"ఎందుకు?"

"పరీక్షకి."

"ఏం పరీక్ష?"

మా ఆయన వైపు చూశాను. ఆయన గోడ వైపు చూస్తున్నారు.

"సరే, వాయిస్తరా?" అన్నాడు ఆఫీసర్.

"ఇంకా నేర్చుకోవాలి."

"వాయించడం రాదు. స్పెయిన్ నుంచి తెప్పించిండ్రు. పొడి చేయించిండ్రు. తొడుగుల్లేకుండ ముట్టద్దని చీటీ అంటించిండ్రు. నేనేం రాసుకోవాలె మేడం?"

ఆఫీసర్ మాటల్లో ఒక్కటీ అబద్ధం లేదు. పొడిలోంచి చిటికెడు తీసి పరీక్షకి లోపలికి పంపాడు. ఫలితం వచ్చేదాకా ఆ పొడి కట్టె కాకపోతే ఏమవుతుందని ఆలోచించి, స్పెయిన్ ముసలాణ్ని తిట్టి, వెంటనే క్షమాపణ చెప్పి, మళ్లీ తిట్టాను. అన్నీ మనసులోనే.

కట్టె పొడే అని వచ్చింది. అయినా ఆఫీసర్ మొహం విప్పారలేదు. "పొడి సంగతి అయింది. మీ సంగతి ఇంకా నాకు సమజ్ కాలె" అంటూ సుంకం లెక్క కాగితం నా ముందుకి తోశాడు. "జెర ఇది చూసి సంతకం పెట్టండ్రి. ఇంకా కొన్ని అడిగేదుంది."

సుంకం, సుంకం మీద అదనం, రెండూ కలిపాక దాని మీద పన్ను. మొత్తం పదిహేడు వేల తొమ్మిది వందల అరవై ఎనిమిది. కలం పట్టుకున్నాను. సంతకం పెడితే సగం బయటపడినట్టే. బల్ల కింద మా ఆయన కాలు నా కాలిని తొక్కింది. పెట్టు అని అర్థం.

అలవాటు కొద్దీ అంకెలు ఇంకోసారి చూశాను.

"బాబూ, ఇది తప్పు" అన్నాను.

"ఎక్కువ పడ్డదా?"

"తక్కువ. గిటార్ ధర మీదే వేశారు. విమానం కిరాయి, బీమా కలిపి దాని మీద వేయాలి. అరవై తొమ్మిదిన్నర వేల మీద."

మా ఆయన కాలు తొక్కడం మానేసింది. ఆశ వదులుకున్న కాలు ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఆఫీసర్ కాగితం తీసుకుని యంత్రం మీద నొక్కాడు, మళ్లీ నొక్కాడు. ఇరవై ఒక్క వేల అయిదు వందల ముప్పై ఒకటి. తల ఎత్తి నన్ను చూశాడు. ఆ తర్వాత మొదటిసారి నవ్వాడు.

"పన్నెండేండ్ల సర్వీసు మేడం. డ్యూటీ తక్కువైందని చెప్పిన స్మగ్లర్ను ఒక్కన్ని సూడలే. ఇగ అడిగేదేం లేదు, తీస్కపోండ్రి."

గోదాము కిరాయి కూడా కట్టి గిటార్ని కారెక్కించాం. ముత్తంగి దగ్గర రింగురోడ్డు దిగాం. అప్పుడు మా ఆయన అన్నారు, "మూడు వేల అయిదు వందల అరవై మూడు రూపాయలు. అడగని మాటకి."

"దానివల్లే వదిలారు కదండీ."

"అది తర్వాతి మాట. అలా వదులుతారని నీకు ముందే తెలుసా?"

తెలియదు. నేను నిర్దోషినని నిరూపించుకోవడానికి అలా అనలేదు. జైలైనా సరే, తప్పు కూడిక మీద సంతకం పెట్టలేక అన్నాను.

కాబట్టి పెద్దలారా, పిన్నలారా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక ఏ విదేశీ వస్తువుకీ, అది సూది అయినా సరే, నమూనా పంపమని అడగను. ఫోన్లో ఎవరి తల్లి నంబరూ అడగను. ప్రభుత్వం వారు నా దగ్గర తక్కువ వసూలు చేస్తే కళ్లు మూసుకుని, పళ్లు బిగపట్టి, మౌనంగా సంతకం పెడతాను. ఈ చివరిది మాత్రం నా వల్ల కాదని మా ఆయన అంటున్నారు. అందుకని సంతకాలన్నీ ఇక ఆయనే పెడతారు.