ఓబులమ్మ కాలూ, పూటకూళ్ళ ఇంటి కథా

“మిగతా కథ ఎప్పుడు చెప్తావక్కా?”

“చెప్పను. నువ్వు మళ్ళా ఈడికి రావద్దు.”

ఓబులమ్మా నేనూ ఆఖరున అనుకున్న మాటలివి. ఆసుపత్రి నుంచి ఇంటికి పోయేవాళ్ళను మళ్ళీ రమ్మనకూడదు.

1954లో కడప వైపు ఒక ఆసుపత్రిలో, ఆడవాళ్ళ వార్డులో నన్ను ఆయాగా వేసుకున్నారు. మా ఆయన పోయి అప్పటికి రెండేళ్ళు. సంతకం వరకే నా చదువు. ఇదంతా మా చెల్లెలి కూతురు సరళ రాసిపెడుతోంది. డాక్టరమ్మ కింద హెడ్ నర్సు, ఆమె కింద నర్సులు, అందరి కిందా మేము.

ఓబులమ్మ గడ్డివామి మీది నుంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకుని వచ్చింది. పెళ్ళయి ఏడాది కాలేదు. అప్పట్లో తొడ విరిగితే కాలికి అంటుపట్టీలు వేసి, తాడును మంచం చివరి కప్పీ మీదుగా వదిలి, కాలును లాగి పట్టేలా బరువు కట్టేవాళ్ళు. ఆ బరువు నేలకు గానీ మంచానికి గానీ ఆనకూడదు. అది చూసుకోవడం నా పని. మూడు నెలలు వెల్లకిలా పడుకోవాలి. మధ్యలో లేస్తే కాలు పొట్టిదవుతుంది. చాలామంది మూడో వారానికే పట్టీలు విప్పించుకుని నాటు కట్టుకు పోయేవాళ్ళు. ఓబులమ్మదీ అదే పాట.

ఆమెను ఆపడానికి ఒక కథ అల్లాను. అడివి అంచున ఒక పిల్ల పూటకూళ్ళ ఇల్లు నడుపుతుంటుంది. ఆ ఇంటి పొయ్యికి మాటలు వచ్చు, సణుగుడు కొంచెం ఎక్కువ. పొద్దుగూకేసరికి ఒక బాటసారి వచ్చి రొట్టె తిని, పేరు చెప్పకుండా, ఒక కట్టెల మోపు పెట్టి పోతుంటాడు. రాక్షసులు లేరు, ఎవరూ చావరు. అది ఓబులమ్మ పెట్టిన షరతు. చావులు వార్డులో చూస్తూనే ఉన్నాం కదా అనింది. మధ్యాహ్నం మందులయ్యాక, ఆమె మడమకు స్పిరిటు రుద్దుతూ రోజుకు కాస్త చెప్పేదాన్ని. పక్క మంచాల వాళ్ళూ ఊఁ కొట్టేవాళ్ళు. ఈ రోజైనా అతను పేరు చెబుతాడా అని వాళ్ళలో వాళ్ళే వాదులాడుకునేవాళ్ళు.

తప్పు అక్కడే జరిగింది. పగలు కథ చెబితే దారిన పోయేవాళ్ళు దారి తప్పుతారని మా వైపు నమ్మకం. ఓబులమ్మ మొగుడు బండి తోలేవాడు. వేరుశనగ వేసుకుని రాయచోటికి పోయినవాడు, వస్తానన్న రోజు దాటి రెండు రోజులైనా రాలేదు. అత్త వచ్చి నన్ను నిలదీసింది.

“పగటిపూట కథలు జెప్పి నా కొడుకును యాడికి తోలినావే?”

హెడ్ నర్సు కథలు ఆపమంది. ఓబులమ్మ అన్నం ముట్టలేదు. పట్టీలు విప్పు, నేనే పోయి వెతుక్కుంటానని తాడు పట్టుకుంది. ఇంకా ఐదు వారాలు పడుకోవాలి.

నేనూ ఆ నమ్మకంలో పెరిగినదాన్నే. అది ఉత్తదే అనడానికి నాకు నోరు రాలేదు. తాడు మీదున్న ఆమె చేతిని పట్టుకుని, అత్త ముందే కథ అందుకున్నాను.

“దారి తప్పినోళ్ళు యాడికి పోతారనుకుంటాండావు? ఆ పిల్ల ఇంటికే. ఈపొద్దు బండి తోలేటోడు ఒగడు వచ్చినాడు. ఇంగో రొట్టె కాల్చల్లని పొయ్యి సణుగుతాండాది.”

ఓబులమ్మ తాడు వదల్లేదు. ముందు అత్తే అడిగింది.

“ఎద్దులకు మేత ఏసినారా?”

వేసినారన్నాను. “ఊఁ” అనింది అత్త. అప్పుడు ఓబులమ్మ చెయ్యి సడలింది.

మూడో రోజు మొగుడు వచ్చాడు. వాగు దగ్గర ఇరుసు విరిగిందట, దారి తప్పనే లేదు. అత్త అతన్ని మొదట అడిగింది, రొట్టె తిన్నావా అని.

మూడు నెలలూ అయ్యాక బరువు దించి, డాక్టరమ్మ రెండు కాళ్ళూ టేపుతో కొలిచింది. సమానంగా ఉన్నాయి. బాటసారి పేరు తెలియకుండానే ఓబులమ్మ నడిచి పోయింది.

తర్వాత నా ఉద్యోగమంతా ఒకటి పాటించాను. భయపడిన రోగితో వాదిస్తే పట్టీలు విప్పేసుకుంటుంది. ఆ భయాన్నే కథలోకి పిలిచి, ఇంత రొట్టె పెట్టి కూర్చోబెడితే ఎముక అతుక్కునేదాకా ఆగుతుంది.

సరళా, బరువు ఆనకూడదన్నది రాసినావా? ఏదీ, మొదటి నుంచి చదువు. నేను ఊఁ కొడతా.