నేను చెప్పని మూడు మాటలు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. వృద్ధుల సంరక్షణ మీద చదువుకుని, పదిహేడేళ్లుగా అనంతపురం చుట్టుపక్కల పల్లెల్లో అదే పని చేస్తున్నాను. ముసలివాళ్లు గోడతో మాట్లాడటం, ఎప్పుడో పోయిన తమ్ముణ్ణి అన్నానికి పిలవడం నాకు కొత్త కాదు. వాటన్నిటికీ మా చదువులో పేర్లున్నాయి. ఇప్పుడు చెప్పబోయేదానికి మాత్రం ఏ పేరూ దొరకలేదు.

మేము చేసే జ్ఞాపకశక్తి పరీక్షలో ఒక భాగం ఉంది. మూడు మాటలు చెప్పి, ఐదు నిమిషాలు వేరే సంగతులు మాట్లాడించి, ఆ మూడూ మళ్లీ అడుగుతాం. తప్పు చెప్పినా ఉన్నదున్నట్టు రాసుకోవాలి. ఆ వేసవిలో నేను చెప్పే మాటలు చెట్టు, గొడుగు, పలక.

సోమవారం పొద్దున యాడికి మండలంలోని ఒక పల్లెలో సుంకమ్మను పరీక్షించాను. ఎనభై దాటాయి. కొడుకు పేరు కూడా గుర్తులేదు. మూడు మాటలు అడిగితే తడుముకోకుండా చెప్పింది.

"ఓబులమ్మ, తలుపు, నీళ్లు."

పక్కనున్న కోడలు నవ్వింది. "ఓబులమ్మ ఎవురత్తా? మనింట్లో ఆ పేరుతో ఎవురుండారు?"

సుంకమ్మ నన్ను చూపించింది. "ఆయమ్మే గదా చెప్పింది."

రాసుకున్నాను. సున్నా వేసి వచ్చేశాను.

బుధవారం కదిరి వైపు వెళ్లాం. తిప్పన్న గొర్రెలు కాసిన మనిషి, ఇప్పుడు రెండు కళ్లూ కనబడవు. యాడికి అనే ఊరు ఎక్కడుందో కూడా ఆయనకు తెలియదు. పంచలో కూర్చోబెట్టి చెట్టు, గొడుగు, పలక అని చెప్పాను. కాసేపు గొర్రెల గురించి మాట్లాడించి, తర్వాత అడిగాను.

"ఓబులమ్మ, తలుపు, నీళ్లు" అన్నాడు. అదే వరస.

నా పెన్ను ఆగిపోయింది. ఎవరా ఓబులమ్మ అని అడిగాను.

"నాకేం తెలుసు తల్లీ? నువ్వే గదా చెప్తివి. చెప్పేటప్పుడు నీ గొంతు ఎండిపోయిండె. నీళ్లు ఇమ్మందామనుకుంటి."

నాతో వచ్చిన నర్సు రమాదేవి అడ్డుపడింది. "లేదు మేడం. మీరు చెట్టు, గొడుగు, పలకే చెప్పినారు. నేను పక్కనే ఉండా గదా."

ఆ పేరు మా ప్రాంతంలో చాలామందికి ఉంటుంది. మేము చూసేవాళ్లలో మాత్రం ఒక్కతే. గుత్తి దగ్గరి పల్లెలో కొడుకు ఇంట్లో ఉంటుంది. తుంటి విరిగాక పాకుతూ తిరిగేది. ఆమెను చూసి రెండు నెలలైంది. కొడుక్కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. జీపు అటు తిప్పమన్నాను. ఎందుకని డ్రైవర్ అడిగితే, తొందరగా పోనిమ్మన్నాను.

చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. తలుపుకు బయట గొళ్లెం పెట్టి, పుల్ల దోపి ఉంది. పక్కింటామె బయటికొచ్చింది.

"ఆదివారమే బెంగుళూరికి పనికి పోయినారు. ముసలమ్మనీ తోడుకోని పోయింటారులే మేడం."

గొళ్లెం తీసి తోశాను. తలుపు సగమే తెరుచుకుంది. దాని వెనకే ఓబులమ్మ పడి ఉంది. రేకుల ఇల్లు, లోపల పొయ్యిలా కాలుతోంది. బిందె ఖాళీగా దొర్లి ఉంది. తలుపు లోపలివైపు, నేలకు జానెడు ఎత్తులో, గోళ్లతో గీకిన గీతలు. వాటి మీద ఎండిన నెత్తురు.

బతికే ఉంది. రమాదేవి గుడ్డ తడిపి పెదవులకు అద్దింది. చాలాసేపటికి కళ్లు తెరిచి నన్ను గుర్తుపట్టింది.

"ఎన్నితూర్లు చెప్పి పంపిస్తినమ్మా" అంది. "ఇప్పుడా వచ్చేది?"

సోమవారమే వెళ్లి ఉంటే బిందెలో ఇంకా నీళ్లుండేవి. ఆ ఆలోచన నన్ను వదలదు.

శుక్రవారం ఆసుపత్రిలో పోయింది. కొడుకు ఆ రోజే వచ్చాడు. దుర్మార్గుడేమీ కాదు, వానల్లేక పొలం బీడుపడితే కూలికి పోయే మనిషి.

"బయటికి పాకిపోయి రోడ్డులో పడుతుందని గొళ్లెం పెట్టినా మేడం. బిందె నిండా నీళ్లు, రొట్టెలు పెట్టే పోయినా. నాలుగు దినాల్లో వచ్చేస్తామనుకుంటిమి." గోడకు తల ఆనించి ఏడ్చాడు.

తర్వాత ఎన్నో విధాలుగా ఆలోచించాను. నాకు తెలియకుండా నేనే ఆ మాటలు అన్నానేమో అనుకుందామంటే, రమాదేవి విన్నది వేరు. ఆ ఇంటి తలుపు సంగతి నాకూ తెలియదు. సుంకమ్మకు, తిప్పన్నకు ఒకరికొకరు తెలియదు. ఓబులమ్మను ఇద్దరూ ఎరగరు.

ఆసుపత్రిలో ఏడుపు ఆగాక కొడుకు తలెత్తి నన్నే చూశాడు.

"పక్కింటోళ్లకే తెలీదు గదా. మీకెవురు చెప్పినారు మేడం?"

ఇది జరిగి మూడేళ్లయింది. ఎక్కడ కనబడినా ఆయన అదే అడుగుతాడు.