మలుపు పాట

మా ఇంట్లో పనిచేసే యాదమ్మ శనివారం శనివారం ఇత్తడి గంగాళాన్ని చింతపండుతో తోముతుంది. దాంట్లో నీళ్లు పట్టడం మానేసి చాలా కాలమైంది. ఇప్పుడది హాల్లో ఓ మూల నిలబడి, వచ్చినవాళ్ల చేత 'అబ్బ, పాతదా?' అనిపించుకోవడం తప్ప వేరే ఉద్యోగమేమీ చేయడం లేదు. రిటైరైన లెక్చరర్‌ని కనుక నాకు దానిమీద సానుభూతి ఉంది. అయితే తడిసిన చింతపండు, బూడిద, ఇత్తడి కలిసిన ఆ పుల్లటి వాసన ముక్కుకు తగలగానే నేను హాల్లో ఉండను. మెదక్‌లో, పెద్ద చర్చికి అవతలి వైపు మా పెంకుటింటి అరుగు మీద, గౌను మోకాళ్ల కిందికి లాక్కుని కూర్చుని, బ్యాండు బాకాలు తోముతూ ఉంటాను.

మా ఇంట్లో చింతపండు పచ్చిపులుసుకు పోయినదానికంటే బ్యాండుకు పోయిందే ఎక్కువ. మా నాయిన దావీదు క్లారినెట్ వాయించేవాడు. డ్రమ్ము ఖాసీం చిచ్చాది. బాకాలు ఊదే అన్నదమ్ములిద్దరు ఎల్దుర్తి నుంచి నడిచి వచ్చి, వచ్చిన అలసట తీరేదాకా మా ఇంట్లో జొన్నరొట్టెలు తిని, ఆ తర్వాత తిన్న అలసట తీర్చుకునేవాళ్లు. ఈ నలుగురినీ కలిపి ఊళ్లో 'దావీదు మేళం' అనేవారు. ఆదివారం పొద్దున నాయిన చర్చిలో హార్మోనియం ముందు కూర్చుని, తన తాతల నాటి నుంచి పాడుతున్న కీర్తనలు వాయించేవాడు. మిగతా రోజుల్లో పెళ్లిళ్లకు, ఏడుపాయల జాతరకు పోయి సినిమా పాటలు వాయించేవాడు. దేవుడికి పాత పాటలు కావాలి, మనుషులకు కొత్త పాటలు కావాలి. ఆయన సొంతంగా కట్టిన పాటలు ఎవరికీ అక్కర్లేదు కనుక వాటికి వారంలో రోజు మిగల్లేదు.

సినిమా పాటలు నేర్చుకోవడానికి ఆయన ఎన్నడూ సినిమా చూడలేదు. ఊరి బయట టూరింగు టాకీసు డేరా వేసినప్పుడల్లా, డేరా వెనక కందిచేను గట్టు మీద చిచ్చాతో కలిసి కూర్చుని, గుడ్డ అవతలి నుంచి వచ్చే పాటను వినేవాడు. మొదటిరోజు నోటితో పట్టుకునేవాడు, రెండోరోజు వేళ్లలోకి దింపుకునేవాడు. హీరో ఎవరో, హీరోయిన్ ఎందుకు ఏడుస్తుందో ఆయనకు తెలియదు. తెలిసి ఉంటే అన్ని ఏడుపు పాటలు పెళ్లిళ్లలో వాయించేవాడు కాదేమో.

సొంత పాటలకు మాత్రం ఆయన ఓ చోటు కనిపెట్టాడు. పెళ్లి ఊరేగింపు ప్రతి ఇంటి ముందూ ఆగుతుంది. ఆగిన ప్రతిచోటా ఎవరో ఒకరు 'గా పాట కొట్టుండ్రి' అని అడుగుతారు. అడిగింది కొట్టాలి. కానీ గల్లీ తిరిగే మలుపు దగ్గర ఎవరూ ఏమీ అడగరు. అక్కడ బండి తిప్పడానికి ఎద్దులను అదలించాలి, ఆడవాళ్లు పెళ్లికొడుక్కి నిమ్మకాయ తిప్పి దిష్టి తీయాలి, మామలు ఏదో ఒక విషయానికి అలగాలి. ఆ గడబిడలో మేళం ఏం వాయిస్తుందో వినే తీరిక ఎవరికీ ఉండదు. నాయిన తన పాట అక్కడ వాయించేవాడు. అందుకే ఆయన పాటలన్నీ పొట్టివి; బండి తిరిగేలోపు అయిపోవాలి. ఎద్దులు మొరాయించిన రోజున ఆయన ముఖం వెలిగిపోయేది.

నేను చెప్పబోయే పాట సీతాఫలాల కాలంలో పుట్టింది. తూప్రాన్ వైపు నుంచి గంపల్లో వచ్చిన కాయలను అమ్మ బియ్యంలో పండేసేది. ఇంట్లో ఏ మూల కూర్చున్నా తియ్యటి మగ్గిన వాసన. పిల్లలం బొప్పాయి కాడలు కోసి పీపీలు చేసుకుని పెళ్లి ఆట ఆడుతున్నాం; నేనే క్లారినెట్‌ని, నేనే మామని కనుక అలిగే హక్కు నాకే ఉండేది. అమ్మ అరుగు మీద జొన్నలు చెరుగుతోంది. ఆ చేట దరువు మీద చిచ్చా బోర్లించిన బొక్కెనపై వేళ్లతో తాళం వేశాడు, తాళం మీద నాయిన ఓ వరస ఎత్తుకున్నాడు. పైకి పోయి, ఏదో మరిచిపోయినట్టు ఆగి, గుర్తొచ్చినట్టు కిందికి దిగే వరస. మధ్యాహ్నమంతా అదే వాయించారు.

"ఎట్లుందే?" అని నాయిన అడిగాడు.

అమ్మ చేట ఆపకుండానే, "తిరిగి తిరిగి గాడికే వస్తది. మంచిగనే ఉంది, గని గిది సినిమాల లేదు గద, ఎవలడుగుతరు?" అంది.

"మలుపుకాడ ఎవలూ అడగరు గద," అన్నాడు నాయిన.

అవి రజాకార్ల రోజులు. మాకు, అంటే పిల్లలకు, ఆ మాటకు అర్థం చీకటిపడక ముందే ఇంట్లోకి రమ్మని పిలవడం, పక్క ఊళ్లో ఏదో జరిగిందని పెద్దవాళ్లు చెప్పుకుంటూ మమ్మల్ని చూసి ఆపేయడం. పల్లెల్లో సంగం వాళ్లు దొరల మీద తిరగబడుతున్నారు, పాటలు పాడి జనాన్ని కూడగడుతున్నారు, ఆ పాటలు పాడుతూ దొరికినవాళ్లను రజాకార్లు కొడుతున్నారు. మేళాలకు తెలిసిన నష్టం వేరే ఉంది. టాకీసు డేరా రావడం మానేసింది. రాత్రి ఊరేగింపులు పోయి, పెళ్లికొడుకులు మిట్టమధ్యాహ్నం ఎండలో, నెత్తిన గొడుగుతో ఊరేగసాగారు. పాత పాటలనే తిప్పి తిప్పి వాయిస్తుంటే జనం మొహం మొత్తి, 'ఏంది మాస్టర్, కొత్తది ఒక్కటి లేదా?' అని సతాయించేవారు.

అట్లాంటి ఓ మధ్యాహ్నం ఊరేగింపులో, నేను పెళ్లి భోజనంలో లడ్డూ ఉంటుందన్న ఏకైక కారణంతో మేళం వెంట నడుస్తున్నాను. బజారు మలుపు దగ్గర నాయిన సీతాఫలాల పాట ఎత్తుకున్నాడు. మూలనున్న హోటల్ బెంచీ మీద నలుగురు రజాకార్లు చాయ్ తాగుతున్నారు. వాళ్లలో పెద్ద మీసాలాయన సాసర్ కింద పెట్టి లేచి వచ్చాడు. మేళం ఆగింది. దిష్టి తీస్తున్న చేయి గాల్లోనే ఆగింది. అలిగిన మామ కూడా అలక మానేశాడు.

"ఏయ్ మాస్టర్, గీ పాట ఎన్నడు ఇనలే. ఎవల్ది? సంగపోళ్లదా?"

తనదే అనడానికి నాయినకు అంతకంటే చెడ్డ సందర్భం దొరకదు. సంగం వాళ్లు ఏ వరసకైనా తమ మాటలు కట్టుకుంటారని, ఊరూపేరూ లేని పాటంటే ఠాణాకు పోయే పాటేనని అందరికీ తెలుసు.

"సినిమా పాట సాబ్," అన్నాడు నాయిన.

"ఏ సినిమా?"

నాయిన అటూ ఇటూ చూశాడు. పెళ్లికొడుకు నెత్తిన గొడుగు కనిపించింది. అది నల్లబట్ట గొడుగే, ఓ పుల్ల విరిగింది కూడా. కానీ సినిమా అన్నాక కాస్త ఖర్చు పెట్టాలి.

"వెండి గొడుగు, సాబ్. మద్రాసుల తీసిండ్రు. ఇంకా మన దిక్కు రాలే."

మీసాలాయన కాసేపు నాయినను చూశాడు. చిచ్చాను చూశాడు. చిచ్చా డ్రమ్ము పుల్లలను చూసుకున్నాడు.

"అచ్ఛా ఉంది. మల్ల కొట్టు."

మళ్లీ కొట్టారు. ఆయన చాయ్ అయిపోయేదాకా కొట్టారు. నాయిన పాట బండి తిరిగాక కూడా సాగడం అదే మొదటిసారి. ఇంటికొచ్చి ఆయన జ్వరం తెచ్చుకుని పడుకున్నాడు.

ఆ జ్వరం తగ్గేసరికి ఊరంతా 'వెండి గొడుగు' పాట అడుగుతోంది. మలుపు దగ్గర కాదు, ప్రతి ఇంటి ముందూ. కోమట్ల పెళ్లిలో అదే, గొల్లల పెళ్లిలో అదే. పీపీలూదే పిల్లలకూ అదే వచ్చింది. జనం సినిమా ఎప్పుడొస్తుందని అడిగితే నాయిన, 'రోడ్లు మంచిగ లేవు, రీలు డబ్బాలు ఆగిపోయినయి' అనేవాడు. అది నిజం కూడా. నిజాం రాజ్యంలో రోడ్లు బాగా లేకపోవడం వల్ల మేలు పొందినవాళ్లలో మా నాయిన ఒకడు. కానీ రాత్రి అన్నం ముందు కూర్చుని మాత్రం, "అందరు అడుగుతుండ్రు. గని నన్నడుగుతలేరు," అనేవాడు. గడబిడ తగ్గనీ, అందరి ముందూ చెప్తా, ఇది నేను కట్టిన పాటని చెప్తా అనేవాడు. అమ్మ, "చెప్పు, ముందుగాల అన్నం తిను," అనేది.

ఈలోగా అనంతయ్య పంతులు రంగంలోకి దిగాడు. ఆయన తహసీలు కచేరిలో నకళ్లు రాసేవాడు. పనిమీద పట్నం పోయి వచ్చినప్పుడల్లా అక్కడ చూసిన సినిమాలను రచ్చకట్ట మీద కూర్చుని ఊరికి చెప్పడం ఆయన రెండో పని. ఓసారి పట్నం నుంచి వచ్చి, 'వెండి గొడుగు' చూశానని చెప్పాడు. సికింద్రాబాదులో చూశాడట. రాజకుమారి అడవిలో తప్పిపోతుందట, గొడుగులో ఓ ముని శాపం ఉంటుందట, పాట రెండుసార్లు వస్తుందట, రెండోసారి ఆయనకే కళ్లలో నీళ్లు వచ్చాయట. ఆయన అబద్ధం చెప్పాడని నేననను. అందరూ ఎదురుచూస్తున్న సినిమాను తాను చూడలేదని ఒప్పుకోవడం పట్నం పోయొచ్చే మనిషికి చేతనయ్యే పని కాదు. మా అమ్మ కూడా కథ విని వచ్చి, "మంచిగనే ఉందట," అంది.

తర్వాత పోలీస్ యాక్షన్ అయింది. మిలిటరీ లారీలు దుమ్ము లేపుకుంటూ మా రోడ్డున పోయాయి. రజాకార్లు పోయారు, మీసాలాయన మీసాలు తీసేసి మరీ పోయాడని చెప్పుకున్నారు. ఊరు ఊపిరి పీల్చుకుంది. అయితే ఊపిరి అందరికీ ఒక్కతీరుగా అందలేదు; రజాకార్ల మీది కోపం ముసల్మానులందరి మీదికీ మళ్లింది. ఎన్నడూ ఎవరి జోలికీ పోని ఖాసీం చిచ్చా ఇంటి తలుపులు మూసుకుని ఉండిపోయాడు. కొన్నాళ్లు ఆయనా, ఆయన భార్య చిచ్చీ మా వెనకింట్లోనే ఉన్నారు. ఎవరైనా వస్తే అమ్మ గట్టిగా, 'రూతూ, చేట తే' అని నన్ను పిలిచేది. ఆ మాట వినగానే వెనకింట్లో గలాసు చప్పుడు కూడా ఆగిపోయేది. చిచ్చా పగలంతా జొన్నల మూటకు ఒరిగి, మోకాలి మీద వేళ్లతో చప్పుడు లేకుండా తాళం వేసుకునేవాడు. ఏ పాటో నాకు తెలిసేది.

మళ్లీ పెళ్లిళ్లు మొదలయ్యాయి. టాకీసు డేరా వచ్చింది. జనం పోయి డేరా ఆయనను 'వెండి గొడుగు' ఎప్పుడేస్తావంటే, ఆయన అట్లాంటి సినిమా లేనే లేదన్నాడు. జనం ఆయన దగ్గర డబ్బాలు కొనే స్తోమత లేదని తేల్చారు.

నాయిన ఎదురుచూసిన రోజు ఓ బట్టల దుకాణపాయన కూతురి పెళ్లిలో వచ్చింది. చిచ్చా చాలా నెలల తర్వాత డ్రమ్ము మెడకేసుకుని బయటికొచ్చిన మొదటి పెళ్లి అది. పందిట్లో ఊరి పెద్దలంతా ఉన్నారు. పెళ్లికూతురి నాయనమ్మ 'వెండి గొడుగు' పాట అడిగింది. నాయిన క్లారినెట్ ఎత్తలేదు. గొంతు సవరించుకున్నాడు.

"పెద్దమ్మా, ఒక మాట. గా పాట సినిమాది కాదు. నేను కట్టిన. అప్పుడు రజాకార్లకు భయపడి అట్ల చెప్పిన."

పందిట్లో అందరూ నవ్వారు. అనంతయ్య పంతులు కుర్చీలో ముందుకు జరిగాడు. "దావీదూ, నేను కండ్లార చూసిన సినిమానే. రాజకుమారి పాడుతది. మందిసొమ్ము నాదంటే ఎట్లయ్యా? రేపు చర్చిల కీర్తనలు గూడ నీయే అంటవా?"

మళ్లీ నవ్వు. నాయిన చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు చిచ్చా లేచాడు.

"నేనున్న పంతులు, గా పాట కట్టిన దినం. వాళ్ల అరుగు మీద. బొక్కెన మీద తాళమేసింది నేనే."

నవ్వు ఆగిపోయింది. అనంతయ్య పంతులు గొంతు పెంచలేదు. "ఖాసీం, నువ్వు జర సప్పుడు చెయ్యకు. దినాలు మంచిగ లేవు. నీ సాక్ష్యం ఎవరడిగిండ్రు?" అన్నాడు. పందిట్లో కొందరు చిచ్చా వైపు తిరిగి చూశారు. ఆ చూపు పాట గురించి కాదు. వెనక వరసలో ఎవడో, "గీడు ఎప్పుడు బయటికొచ్చిండు?" అన్నాడు. చిచ్చా మెడలో డ్రమ్ము పట్టీ ఓసారి కదిలింది. ఆయన కూర్చోలేదు.

నాయిన చిచ్చాను చూశాడు. తర్వాత పంతులును చూసి నవ్వాడు. అంత మంచి నవ్వు నాయిన ముఖం మీద నేను అంతకుముందు చూడలేదు.

"ఏయ్ ఖాసీం, కూసో. నిజమే పంతులు, సినిమాదే. జర మజాక్ చేసిన. కొత్తగొచ్చిన స్వతంత్రం గద, ఎంతదాంక నడుస్తదో చూద్దామనుకున్న."

పందిరి పడిపడి నవ్వింది. పంతులు అందరికంటే గట్టిగా నవ్వాడు. 'ఎవల్దైతేంది, కొట్టుండ్రి' అంది నాయనమ్మ. కొట్టారు. చిచ్చా తాళం ఒకచోట తప్పింది. ఆయన తాళం తప్పడం నేను విన్నది అదొక్కసారే.

ఇంటికి పోతుంటే దారిలో చిచ్చా, "గట్లెందుకు జేసినవ్ భాయ్, నీ పాట పాయె," అన్నాడు. "పాటేడికి పోతది, రేపు పెండ్లిల మల్ల కొట్టేదే గద," అన్నాడు నాయిన. అంతకుమించి వాళ్లు ఆ సంగతి మాట్లాడుకోగా నేను వినలేదు. తర్వాత కూడా ఆయన మలుపుల దగ్గర కొత్త పాటలు కట్టి వాయించాడు. వాటికి పేర్లు పెట్టలేదు, ఎవరూ అడగలేదు కనుక అవి ఆయనవిగానే ఉండిపోయి, ఆయనతోనే పోయాయి.

ఇప్పుడు ఊరేగింపుల్లో ఎద్దుల బండి లేదు, మొరాయించేందుకు ఎద్దులు లేవు. బజారు మలుపు వెడల్పు చేశారు. హోటల్ బెంచీ ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. చిచ్చా వాళ్ల ఇల్లు లేదు, మా పెంకుటిల్లు లేదు. మొన్న మా మనవరాలి పెళ్లికి డీజే వద్దని పట్టుబట్టి బ్యాండు పెట్టించాను. అందులో క్లారినెట్ అతనికి పాత పాటలు వచ్చా అని అడిగితే, ఓ ముసలామె కోసం ఎందుకులే అన్నట్టు చూసి, ఒకటి ఎత్తుకున్నాడు. పైకి పోయి, ఏదో మరిచిపోయినట్టు ఆగి, గుర్తొచ్చినట్టు కిందికి దిగింది.

అయిపోయాక, ఏ పాట నాయనా అది అన్నాను.

"సినిమా పాటనే అమ్మమ్మా. వెండి గొడుగు అని, బాగ పాతది. మా తాత చూసిండంట. యూట్యూబుల ఎంత దేవులాడిన దొర్కలే. మీరేమన్న చూసిండ్రా?"

నాయిన ఉంటే ఏం చెప్పేవాడో తెలుసు కనుక ఆలోచించడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"చూసిన బిడ్డా," అన్నాను. "మా అరుగు మీద కూర్చుని, మొదటి ఆట."